ఇరుసుకీ ఇరుసుకీ మధ్య

జూన్ 4

అక్కా,

కవరు చూసి కంగారు పడకు. బాగానే ఉన్నాను. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే నలుగురు కొట్టుకుంటున్నట్టు ఉంటుందని బావ అన్నాడు కదా. పైగా మా శిక్షణ జరిగే ఈ క్వారీలో ఫోను పలకాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి. అందుకని ఈ సీజనంతా కాగితాలే.

ఇద్దరికి సరిపోయే గదిలో ముగ్గురం ఉంటున్నాం. కిటికీ తెరిస్తే రాతిపొడి, మూస్తే తడిసిన బూట్ల వాసన. నా పక్క మంచం పిల్లకి నిద్రగన్నేరు అని పేరు పెట్టాం. నిలబడి కూడా నిద్రపోగలదు, కానీ బండెక్కితే పిల్లిలా మెలకువగా ఉంటుంది. మా కోచ్‌ని అందరూ ఈల మాస్టారంటారు. ఆయన మెచ్చుకున్నా ఈలే, తిట్టినా ఈలే. ఏది ఏదో మనమే తెలుసుకోవాలి.

మొన్న హాస్టల్ వంటామె నా సైకిలు చూసి, "సీటేదమ్మా, ఎవరైనా ఎత్తుకుపోయారా?" అంది. కూర్చునే ఆట కాదని చెప్పాను. రాళ్ల మీద, దుంగల మీద, గోడల మీద కాలు కింద పెట్టకుండా నడపాలి, కాలు పెడితే ఒక తప్పు, చేతకాక మధ్యలో దిగిపోతే ఐదు తప్పులు, ఎవరివి తక్కువైతే వాళ్లది గెలుపు అన్నాను. ఆవిడ, "అయితే ఇంట్లో కూర్చున్నదాన్ని, నేనే ఫస్టు" అంది. ఆటంతా ఒక్క ముక్కలో తేల్చేసింది.

అసలు సంగతికి వస్తాను. నువ్వు కట్టిచ్చిన బండి నాకు పొడుగైపోయింది. ఇక్కడి రాళ్ల మధ్య మలుపులు మరీ ఇరుకు. బండి తిప్పుతుంటే మెట్ల మీంచి మంచం దించుతున్నట్టుంది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న దూరాన్ని రెండు వేళ్ల మందం తగ్గించి కొత్త ఫ్రేము కట్టిపెట్టవా? ఆగస్టులో జట్టుకి ఎంపిక. ఇక్కడున్న మంచి రైడర్లందరివీ పొట్టి బండ్లే.

బావని అడిగానని చెప్పు.

నీ మిడత


జూన్ 12

ఒసేయ్ మిడతా,

నీ ఉత్తరం అందింది. బావ నాకంటే ముందే చించి చదివేశాడు. ముందు గదిలో పంక్చర్లు వేసుకుంటూ, వచ్చిన ప్రతివాడికీ ఆ వంటామె మాట చెబుతున్నాడు. నేను వెనక రేకుల షెడ్డులో వెల్డింగు ముసుగు వేసుకుని నవ్వుకున్నాను.

ఇక రెండు వేళ్ల సంగతి. అవి నీకు రెండు వేళ్లే గానీ బండికి వేరే జన్మ. పొట్టి బండి చప్పున తిరుగుతుంది, అడగ్గానే ముందు చక్రం లేపుతుంది. కాదనను. కానీ ఏటవాలు ఎక్కేటప్పుడు అడక్కపోయినా లేపుతుంది. పొడుగు బండిని లేపాలంటే కాస్త బతిమాలాలి. లేచాక మాత్రం మాట మీద నిలబడుతుంది. ఎత్తుకి ఎక్కడంలో నిన్ను మించినవాళ్లు లేరని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీవి కొంగ కాళ్లు. వాటికి ముందూ వెనకా కాస్త చోటు కావాలి. నీ బలం ఎక్కడుందో చూసే ఆ కొలత పెట్టాను.

మలుపులే ఇబ్బంది అయితే మలుపులు నేర్చుకో. వెనక చక్రం మీద నిలబడి, ముందుదాన్ని గాల్లోనే పక్కకి జరపడం నీకు చిన్నప్పుడే వచ్చు. మరి ఇప్పుడేమైంది? అందరివీ పొట్టివని మనదీ పొట్టిది చేసుకుంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉంటుంది.

అసలు ఎందుకో సరిగ్గా రాయి. అప్పుడు చూద్దాం. వేళకి తిను. ఆ కిటికీకి తడిగుడ్డ కట్టుకో, రాతిపొడి మంచిది కాదు.

అక్క


జూన్ 19

అక్కగారికి,

నక్క రాయునది.

ఎందుకో చెప్పాను. మలుపుల కోసం. నీకు ఆ కారణం చాల్లేదు. బయటివాడెవడైనా వచ్చి అడిగితే మారు మాట్లాడకుండా కట్టిచ్చేదానివి. నేను కాబట్టి నీ ముందు పరీక్ష రాయాలి.

నాకు తెలుసు నీ భయం ఏమిటో. నువ్వు పడ్డప్పుడు నేను చిన్నదాన్నే, కానీ అన్నీ గుర్తున్నాయి. నువ్వు మంచం మీద నుంచి లేవలేకపోవడం, అమ్మ నీకు జడ వెయ్యడం, ఆ ఎర్ర పొట్టి బండి షెడ్డు గోడకి వేలాడటం. ఆ తర్వాత నువ్వు ఎవరికి కట్టినా బండి పొడుగ్గానే కట్టావు. నీ నడుము విరిచిన బండితో నా బండిని కొలవకు అక్కా.

ఇన్నేళ్లలో నా పోటీ ఒక్కదానికైనా వచ్చావా? ఎప్పుడు పిలిచినా పనుందంటావు. నేను పడితే చూడలేవు, పడకుండా నడిపితే అది అసలే చూడలేవు.

ఇక్కడ గేట్లు వెల్డింగు చేసే ఆయన ఉన్నాడు. వెనక గొట్టాలు కోసి పొట్టి చేసి అతికిస్తానన్నాడు. నీకు శ్రమ ఎందుకు?

చెల్లెలు


జూలై 2

మిడతా,

ఆ గేట్ల ఆయన గేట్లు బాగానే చేస్తాడేమో. గేటు మనిషిని మోసుకుని గోడ దూకదు. గొట్టం కొయ్యనివ్వకు.

ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సిల్లో ఫ్రేము వస్తుంది. పది రోజులు వేరే పని ముట్టుకోలేదు. వెనక ఇరుసు బిగించే చోట మామూలు కన్నం బదులు పొడుగాటి గాడి పెట్టాను. నట్లు వదులు చేసి ఇరుసు ముందుకి జరిపితే నువ్వడిగిన పొట్టి బండి. వెనక్కి లాగితే నీ పాత బండి. బ్రేకు కూడా దాంతో పాటే జరుగుతుంది. గొలుసుకి మాత్రం ఒక లింకు తీయడమో కలపడమో చేసుకోవాలి, విడిగా రెండు కట్టి పెట్టాను. మొదటి వారం ఇరుసు బాగా వెనక ఉంచి నడుపు. తర్వాత కొంచెం కొంచెం ముందుకి జరుపు. ఏ కొలత దగ్గర ఏం మారుతుందో నీ ఒళ్లు నీకు చెబుతుంది, అప్పుడు నా మాట నమ్మక్కర్లేదు.

నక్క అన్నది సామెతని, నిన్ను కాదు. సామెతలకి క్షమాపణ అడిగే ఆనవాయితీ మనింట్లో లేదు. ఈసారికి అడుగుతున్నాను.

ఇంకొకటి. నా నడుము గురించి నువ్వు రాసిన ఆ ముక్క బావకి చూపించలేదు. నేను పడింది ఎర్ర బండి మీద కాదు. పొడుగుదాని మీద. తడిసిన బండ మీద వెనక చక్రం జారింది, అంతే. పొడుగు బండి అంటే భద్రమని నేను ఏ రోజూ అనుకోలేదు. నీకు ఎక్కువ భయపడే అక్క కావాలంటే వేరే ఇంట్లో వెతుక్కో.

అక్క


జూలై 15

మా బంగారు అక్కా,

ఫ్రేము చేరింది. నిద్రగన్నేరు ఆ అతుకుల మీద వేలు రాస్తూ, "ఇది వెల్డింగా, కుట్టుపనా?" అంది. ఎవరు చేశారంటే మా అక్క అన్నాను. ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు.

నువ్వు తిడతావు కానీ, ఇరుసు వెనక పెట్టి ఒక్క పూటే నడిపాను. సాయంత్రానికి మొత్తం ముందుకి జరిపేశాను. అబ్బ! ముందు చక్రం లేపాలన్న ఆలోచన వస్తే చాలు, లేస్తోంది. లాగక్కర్లేదు. రెండు బండల మధ్య నిలబడిన చోటే చెంచాలా తిరుగుతోంది. నిన్న ఇరుకు మలుపుల్లో నావి సున్నా తప్పులు. ఈల మాస్టారు రెండు ఈలలు వేశారు. ఇక్కడ దాన్ని సన్మానం కింద లెక్కేసుకోవాలి.

ఏటవాలు ఎక్కే దగ్గర ఇంకా కుదురు రాలేదు. వస్తుంది. ఎంపికలో ఆఖరి అడ్డంకి ఆ ఎక్కడమేనట. పెద్ద ఏటవాలు బండ, దాని నెత్తిన నడుమెత్తు మెట్టు.

ఇంకో చిన్న సాయం. హ్యాండిలు కాస్త ఎత్తుగా ఉండేలా ఒకటి వంచి పంపవా? అలాగే ఎడమ పిడికి మెత్తటి గ్రిప్పు, లావుది. ఒక్క ఎడమ వైపుకే చాలు. కుడిది బాగానే ఉంది.

కోపంలో ఏదేదో రాశాను. అది చింపెయ్యి.

నీ మిడత


జూలై 20

మిడతా,

ఎడమ చేతికి ఏమైంది?

అక్క


జూలై 26

అక్కా,

నీ ఉత్తరం చదవడానికి ఎంతసేపు పట్టింది చెప్పు? దానికి జవాబు రాయడానికి మాత్రం నాలుగు కాగితాలు పాడు చేశాను.

మణికట్టు. ఏప్రిల్లో ఇంటి నుంచి వచ్చిన కొత్తలోనే పడ్డాను. గొప్ప దూకుడేం కాదు, మోకాలెత్తు దుంగ మీంచి. చెయ్యి ఆనించాను. వాచింది, తగ్గింది. బెణుకనుకున్నాను. తగ్గాక కూడా బండిని పైకి లాగినప్పుడల్లా లోపల సూది దిగుతున్నట్టుండేది. మే నెలలో ఎవరికీ చెప్పకుండా టౌనుకెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాను. అక్కడో చిన్న ఎముక విరిగిందట, అతుక్కోలేదట. డాక్టరు, "కట్టు వేసి నెలల తరబడి కదపకుండా ఉంచాలి. ఇలాగే వాడితే ఎముక చచ్చిపోతుంది, తర్వాత చెయ్యి తిరగదు" అన్నాడు. సీజను అవగానే వస్తానని చెప్పి వచ్చేశాను.

ఎవరికీ తెలియదు. మాస్టారికి తెలిస్తే జట్టు నుంచి తీసేస్తారు. నీకు తెలిస్తే ఇంటికి రమ్మంటావు. మన ఇల్లు నాకు చేదు కాదు. కానీ నువ్వు షెడ్డులో కూర్చుని నన్ను చూసే చూపు ఉంటుంది చూడు, జాలీ కాదు, కోపమూ కాదు, అది నేను తట్టుకోలేను. అందుకే పొట్టి బండి అడిగాను. అది లేపడానికి చెయ్యి అక్కర్లేదు కదా. మలుపులన్నది అబద్ధం కాదు, కానీ సగమే నిజం.

ఒక్క ఎంపిక అక్కా. ఒక్క మధ్యాహ్నం. ఆ తర్వాత ఎన్ని నెలలైనా కట్టు వేసుకుంటాను.

నువ్వు ఎలా కనిపెట్టావు? నేనెక్కడా ఒక్క ముక్క రాయలేదే!

ఇప్పుడు చెప్పు, నడపనా, వద్దా? అక్కలా చెప్పకు. బండి కట్టినదానిలా చెప్పు.

నీ మిడత


ఆగస్టు 3

చిట్టితల్లీ,

మిడతా అని మొదలెట్టబోయాను, చెయ్యి రాలేదు.

ఎలా కనిపెట్టానంటే, నువ్వు కోరినవన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పొట్టి ఫ్రేము. ఎత్తు హ్యాండిలు. ఎడమకి మెత్తటి పట్టు. మలుపుల కోసమైతే ఎత్తు హ్యాండిలు ఎందుకు? ఈ మూడూ కలిసి చేసే పని ఒకటే, చేతికి లాగే పని తప్పించడం. నాకు బాగా తెలిసిన కొలత అది. నడుము విరిగి లేచాక నేనూ అదే చేశాను. నా పొడుగు బండిని నా చేతులతోనే కోసి పొట్టి చేసుకుని ఎర్ర రంగు వేశాను. గోడకి వేలాడుతుంటే నువ్వు చూసింది దాన్నే. నడుము వంచకుండా ముందు చక్రం లేవాలని దాన్నలా చేశాను. లేచింది కూడా. పది రోజులు నాకేమీ కాలేదనే అనుకున్నాను. నువ్వు నీ ఉత్తరంలో ఎగిరి గంతేసినట్టే గంతేశాను.

ఇప్పుడు బండి కట్టినదానిలా చెబుతాను. సరిగ్గా విను.

పొట్టి బండి లేపేటప్పుడు నీ చెయ్యిని అడగదు. దించేటప్పుడు అడుగుతుంది. చదును మీద, మలుపుల్లో, నీ మణికట్టు సంగతి అది దాచి పెడుతుంది. ఏటవాలు మీద అలా కాదు. అక్కడ నీ బరువంతా వెనక ఇరుసు మీదికి వాలుతుంది, ముందు చక్రం తనంతట తనే గాల్లోకి పోతానంటుంది. దాన్ని కిందికి నొక్కి పట్టాల్సింది రెండు చేతులు. ఒక చెయ్యి పట్టు వదిలితే బండి నీ మీదికి తిరగబడుతుంది, కింద ఉన్నది రాయి. ఇరుసు వెనక్కి జరిపితే ముందు చక్రం నేల మీద నిలుస్తుంది, కానీ ఆ నడుమెత్తు మెట్టు దగ్గర దాన్ని లేపడానికి లాగాలి. లాగితే ఎముక. అంటే ఎటు జరిపినా ఆ బండ నీ చెయ్యి అడిగే తీరుతుంది. ఒకలా కాకపోతే ఇంకోలా. కొలత మార్చితే నొప్పి చోటు మారుతుంది, పోదు. ఆ గాడి పొడుగునా నేను వెతికాను, నీకు దాక్కునే చోటు ఎక్కడా లేదు.

ఎర్ర బండిని నేను గోడకి తగిలించింది అందుకే. నన్ను ఎవరూ ఆపలేదు, నేనే దిగాను.

హ్యాండిలూ, గ్రిప్పూ పంపుతున్నాను. వంచుతుంటే బావ వచ్చి నిలబడ్డాడు. "ఇంత తెలిసీ పంపుతున్నావా?" అన్నాడు. అవునన్నాను. నేను పంపకపోతే సామాను లేక ఆగిపోయావనుకుంటావు. అలా ఆగినవాళ్లు జన్మంతా ఆ సామాను గురించే ఆలోచిస్తారు. నడపడమా, మానడమా అన్నది నీది. మాస్టారికి నేను ఫోను చెయ్యను.

పోటీలకి రాలేదన్నావు. నాలుగు గంటలు బస్సులో కూర్చుంటే ఈ నడుముతో మర్నాడు లేవలేను. అది చెప్పుకోవడం ఇష్టం లేక పనుందనేదాన్ని. నువ్వేమో నేను చూడలేక రావట్లేదనుకున్నావు. ఒక ఇంట్లో పుట్టి, ఒక కంచంలో తిని, ఇద్దరం ఎంత బాగా దాచుకున్నామే!

అక్క


ఆగస్టు 21

అక్కా,

ఈ ఉత్తరం కుడి చేత్తోనే రాస్తున్నాను, కంగారు పడకు. ఎడమ చెయ్యి మోచేతి దాకా తెల్లగా ఉంది. దాని మీద వంటామె పువ్వు గీసింది. క్యాబేజీలా ఉంది.

మొత్తం చెబుతాను. నువ్వు పంపినవన్నీ బిగించాను. ఇరుసు బాగా ముందుకే పెట్టాను. నువ్వు రాసింది నాలుగైదు సార్లు చదివాను, అయినా అలాగే పెట్టాను. ఒక్క మధ్యాహ్నమే కదా అనుకున్నాను.

మలుపుల్లో నావి ఒక్క తప్పూ లేదు. దుంగల మీద ఒకటి. ఆఖరి బండ దగ్గరికి వచ్చేసరికి నేను రెండో చోట ఉన్నాను. ముగ్గురిని తీసుకుంటారు. అక్కడ ఒకసారి కాలు పెట్టినా, రెండుసార్లు పెట్టినా నా చోటు నాకుండేది.

ఏటవాలు మొదట్లోనే, మెట్టు ఇంకా రెండు బారల దూరం ఉండగానే, ముందు చక్రం లేచింది. నేను అడగలేదు. కిందికి నొక్కాను. కుడి చెయ్యి నొక్కింది. ఎడమ చెయ్యి లేదు అక్కా. అంటే ఉంది, నా కళ్ల ముందే హ్యాండిలు మీద ఉంది, కానీ మాట వినలేదు. హ్యాండిలు పక్కకి తిరిగింది, బండకి బదులు ఆకాశం కనిపించింది. కాలు పెట్టేశాను. ఒక తప్పు.

నిలబడ్డాను. గడియారం నడుస్తూనే ఉంది. కింద నుంచి నిద్రగన్నేరు అరుస్తోంది, "ఎక్కెయ్! ఇంకా టైముంది! ఎక్కెయ్!" అని. దానికంటే నేను ముందున్నాను. నేను ఎక్కితే దాని చోటు పోతుంది. అయినా గొంతు చించుకుని అరుస్తోంది. నేనా మెట్టు కేసి చూశాను. చెయ్యి బాగుంటే అది నాకు ఒక లెక్క కాదు, కళ్లు మూసుకుని ఎక్కగలను. అది తెలియబట్టే కాబోలు, ఏడుపొచ్చింది. చేతకాని చోట దిగడం తేలిక. చేతనైన చోట దిగడం ఎంత కష్టమో ఎవరూ చెప్పలేదు.

దిగాను. బండిని కుడి చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ హద్దు తాడు దాటి బయటికి వచ్చేశాను. ఐదు తప్పులు. నాలుగో చోటు. మూడో చోటు నిద్రగన్నేరుకి దక్కింది. పిచ్చిది, సంతోషించడానికి కూడా నన్ను పర్మిషన్ అడిగింది.

మాస్టారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది?" అన్నారు. చెయ్యి చూపించి, ఏప్రిల్ నుంచి జరిగిందంతా చెప్పాను. ఆయన మెళ్లోంచి ఈల తీసి జేబులో పెట్టుకుని తిట్టడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర అన్ని మాటలున్నాయని క్వారీలో ఎవరికీ తెలియదు. "ఆ రోజే చెప్పుంటే ఈపాటికి అతుక్కుని ఉండేది కదే!" అన్నారు. తిడుతూనే జీపులో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారంతా తిట్టి, అక్కడికి వెళ్లాక టీ తెచ్చిచ్చారు.

ఎముక ఇంకా బతికే ఉందట. కట్టు తీశాక అతకకపోతే ఆపరేషను అంటున్నారు. వచ్చే సీజనుకి బండెక్కుతానో లేదో డాక్టరు మాట ఇవ్వలేనన్నాడు. నేనూ అడగలేదు.

గది ఖాళీగా ఉంది. అందరూ రాళ్ల దగ్గర ఉన్నారు. చెప్పకుండా దాచినందుకు సిగ్గుగా ఉంది. దిగినందుకు మాత్రం లేదు. నీ జవాబు వచ్చేదాకా అది కూడా నాకు నమ్మకం కుదిరేలా లేదు. త్వరగా రాయి.

మిడత


ఆగస్టు 27

మిడతా,

ఆదివారం వస్తున్నాం. బావ టైర్ల దుకాణం వాళ్ల వ్యాను అడిగి పెట్టాడు. వెనక పరుపు వేసుకుని పడుకుని వస్తాను. బరువులు మోసినట్టు నన్ను మోసుకొస్తానని ఇప్పటికే ఊరందరికీ చెప్పాడు. నువ్వు గేటు దాకా ఎదురు రాకు, సామాన్లు అసలే పట్టుకోకు. ఆ నిద్రగన్నేరుని కూడా చూడాలని ఉంది. నిన్ను ఎక్కమని అరిచిందన్న చోట నేను చదవడం ఆపి ముక్కు తుడుచుకోవలసి వచ్చింది.

నీ ఉత్తరం బావకి పైకి చదివి వినిపించాను. అంతా విని, "అయితే ఓడిపోయిందా?" అన్నాడు. అవును, ఓడిపోయిందన్నాను. నా మొహం చూశాడు. వెళ్లి టీ పెట్టుకొచ్చాడు.

మధ్యాహ్నం ఒకావిడ తన చక్రం తీసుకెళ్లడానికి వచ్చింది. నేను ఊచలు బిగిస్తూ నాలో నేనే నవ్వుకుంటున్నానట. "ఏంటమ్మా, ఇంట్లో ఏదైనా శుభవార్తా?" అని అడిగింది.

"మా చెల్లి బండి దిగింది" అన్నాను.

అక్క